కోలన్ కొట్టగానే లైను ఎందుకు జరుగుతోంది?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావాటి గొడవ ఒకటే. కోడ్ రాస్తుంటే ఎడిటర్ తనంతట తానే లైన్లను లోపలికి, బయటికి జరుపుతోంది, మాకు కావాల్సినట్టు ఉండట్లేదు, ఏం చేయాలి అని. కాజీపేట నుంచి, కరీంనగర్ నుంచి, జగిత్యాల నుంచి కూడా అడిగారు. అందుకే ఈసారి పేజీ మొత్తం ఇండెంటేషన్‌కే, అంటే లైను ఎంత లోపలినుంచి మొదలవ్వాలన్న సంగతికే, ఇచ్చేస్తున్నా. మిగతా ప్రశ్నలు వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: అన్నా నమస్తే. మా ల్యాబ్‌లో ఉబుంటు మీద విమ్ అనే ఎడిటర్‌లో సి ప్రోగ్రాములు రాస్తాం. మా సార్ స్విచ్, కేస్ రెండూ ఒకే వరుసలో ఉండాలంటారు, రికార్డులో అట్లా లేకపోతే మార్కులు తగ్గిస్తారు. నేను కేస్ లైనును వెనక్కి లాగి టైప్ చేస్తా, కోలన్ కొట్టగానే అది మళ్లీ లోపలికి దూకుతుంది. ప్రతి ప్రోగ్రాములో ఇదే పని. ఈ ఆటో ఇండెంట్ మొత్తానికే తీసేయమంటారా?
– బీటెక్ రెండో సంవత్సరం విద్యార్థి, కాజీపేట

జవాబు: తీసేయకు తమ్ముడూ. నీ చేతికి నొప్పి తెప్పిస్తున్నది చిన్న సెట్టింగు, దానికోసం మొత్తం తీసేస్తే రేపు పెద్ద ప్రోగ్రాములో చాలా నష్టపోతావు.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఆటో ఇండెంట్ అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో మూడు వేర్వేరు పనులున్నాయి. ట్యాబ్ కీ నొక్కితే ఏం పడాలి అనేది ఒకటి. ఎంటర్ కొడితే కొత్త లైను ఎక్కడ మొదలవ్వాలి అనేది ఇంకోటి. మూడోది, నువ్వు టైప్ చేస్తున్న లైనునే ఒక ఫలానా అక్షరం పడగానే మళ్లీ లెక్కగట్టి జరపడం. మూడింటికీ వేర్వేరు మీటలు. ఏది ఇబ్బంది పెడుతోందో చూడకుండా ఒక మీట నొక్కేస్తే ఇంట్లో ఫ్యాన్ బదులు లైటు ఆరిపోయినట్టు అవుతుంది. నీ గొడవ మూడోది.

విమ్‌లో సి ఫైలు తెరిస్తే సి-ఇండెంట్ అనే పద్ధతి పనిచేస్తుంది. ఏ అక్షరాలు పడితే లైనును మళ్లీ లెక్కగట్టాలో దాని దగ్గర ఒక జాబితా ఉంటుంది, అందులో కోలన్ ఉంది, ముగింపు ఫ్లవర్ బ్రాకెట్ ఉంది, ఎల్స్ అనే మాటలోని చివరి అక్షరం కూడా ఉంది. నువ్వు కేస్ 1 అని రాసి కోలన్ కొట్టేదాకా అది కేస్ లేబుల్ అని విమ్‌కు తెలియదు. కోలన్ పడగానే తెలుస్తుంది, వెంటనే తన దగ్గరున్న కొలత ప్రకారం సరిచేస్తుంది. ఆ కొలత మామూలుగా ‘స్విచ్ నుంచి ఒక మెట్టు లోపలికి’ అని ఉంటుంది. కాబట్టి దూకడాన్ని ఆపాల్సిన పని లేదు, ఆ కొలత మారిస్తే చాలు, అప్పుడు అదే దూకుడు నీకు పనికొస్తుంది: నువ్వు ఎక్కడ టైప్ చేసినా కోలన్ పడగానే కేస్ వచ్చి స్విచ్ కిందే నిలబడుతుంది.

ఆ కొలతలుండే ఆప్షన్ పేరు సిన్‌ఆప్షన్స్. సి, ఐ, ఎన్ అనే మూడక్షరాలు రాసి ఖాళీ ఇవ్వకుండా ఆప్షన్స్ అని రాయాలి. ఎస్కేప్ కొట్టి, కోలన్ కొట్టి, సెట్ అని రాసి, ఖాళీ ఇచ్చి, ఈ పేరు, ఈక్వల్‌టు గుర్తు, దానికి ఆనుకుని మళ్లీ కోలన్, సున్నా. అంటే చివర్లో ‘=:0’ అని కనిపించాలి. ఆ కోలన్ కేస్ లేబుల్‌కు గుర్తు, సున్నా అంటే స్విచ్ నుంచి సున్నా దూరం. కేస్ కింద వచ్చే స్టేట్‌మెంట్లు ఎప్పట్లాగే కేస్ నుంచి ఒక మెట్టు లోపల ఉంటాయి, వాటికి ఏమీ చేయనక్కర్లేదు. ఇంకో మాట, మీ సార్ చెప్పేది ఆయన సొంత పద్ధతి ఏమీ కాదు, లైనక్స్ కెర్నెల్ రాసేవాళ్లు కూడా స్విచ్, కేస్ రెండూ ఒకే నిలువులో పెట్టాలనే నియమంగా రాసుకున్నారు.

పనిలో పనిగా ఇంకోటి కూడా పెట్టుకో. ఫంక్షన్ పిలిచేటప్పుడు లోపలి విలువలు ఒక లైనులో పట్టక రెండో లైనుకు వస్తే విమ్ మామూలుగా రెండు మెట్లు లోపలికి జరుపుతుంది. నీకు అవి పై లైనులోని బ్రాకెట్ పక్కనుంచే మొదలవ్వాలంటే ఇందాకటి దానికి కామా పెట్టి ‘(0’ అని చేర్చు. నాకైతే ఇట్లా ఉంటేనే చదవడానికి బాగుంటుంది.

ఇది శాశ్వతంగా ఉండాలంటే హోమ్ ఫోల్డర్‌లో విమ్‌ఆర్‌సి ఫైలులో రాసుకోవాలి. దాని పేరు ముందు చుక్క ఉంటుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, జాగ్రత్తగా చదువు. ఆ ఫైలు లేనంతవరకు విమ్ 8 నుంచి తనతో వచ్చే మామూలు సెట్టింగులను తనే తెచ్చుకుంటుంది, వాటిలో రంగులున్నాయి, భాషను బట్టి ఇండెంట్ చేయడమూ ఉంది. నువ్వు ఒక్క లైనుతో సొంత ఫైలు తయారుచేసిన మరుక్షణం విమ్ ఆ మామూలు సెట్టింగులను చదవడం మానేస్తుంది. నీ ఫైలులో ఉన్నదే లెక్క. దాంతో సిన్‌ఆప్షన్స్ పెట్టుకున్నా ఇండెంట్ మొత్తమే పోయి, ‘రాసినా పనిచేయట్లేదు’ అని తల పట్టుకుంటారు. అందుకని ఆ ఫైలులో మొదటి లైనుగా ‘ఫైల్‌టైప్ ప్లగిన్ ఇండెంట్ ఆన్’ అని రాసి, ఆ తర్వాతే నీ సొంత లైన్లు రాయి. ఏ విలువ అమల్లో ఉందో తెలియాలంటే ఈక్వల్‌టు బదులు ప్రశ్నార్థకం పెట్టి అడుగు, సెట్ ముందు వెర్బోస్ అనే మాట చేరిస్తే ఆ విలువను ఏ ఫైలు పెట్టిందో కూడా చెబుతుంది. పాత ప్రోగ్రాములన్నీ కొత్త కొలతకు రావాలంటే రెండుసార్లు చిన్న జి, ఈక్వల్‌టు, తర్వాత పెద్ద జి. ఫైలు పైనుంచి కిందిదాకా సర్దుకుంటుంది.

ఇక తీసేయవద్దని అంత గట్టిగా ఎందుకన్నానో చెప్తా. ఒక ప్రింట్‌ఎఫ్ లైను రాసి చివర సెమీకోలన్ పెట్టకుండా ఎంటర్ కొట్టి చూడు. కింది లైను ఒక మెట్టు లోపలికి పోతుంది, ఎందుకంటే విమ్ దృష్టిలో పై లైను ఇంకా అయిపోలేదు. ముగింపు బ్రాకెట్ ఒకటి మర్చిపోయావనుకో, కింద రాసే ఫంక్షన్ మొత్తం ఎడమ అంచుకు రానంటుంది. నువ్వు కంపైల్ చేయకముందే, రెండు సెకన్లలో, తప్పు ఎక్కడుందో అది వేలు పెట్టి చూపిస్తోంది. లైను అనుకున్న చోటికి రాకపోతే దాన్ని బలవంతంగా లాగకు, ఒకసారి పైకి చూడు. నేను ఇన్నేళ్లుగా చేస్తున్నది ఇదే, పదిసార్లు జరిగితే పైన ఏదో మర్చిపోయిన సందర్భాలే ఎక్కువ.

2014 ఫిబ్రవరిలో యాపిల్ ఫోన్లలో బయటపడ్డ లోపం గురించి మీ సార్‌ను అడుగు, తరగతిలో చెప్పదగ్గ విషయం. సురక్షిత కనెక్షన్‌ను తనిఖీ చేసే కోడ్‌లో ‘గోటూ ఫెయిల్’ అనే లైను ఒకదాని కింద ఒకటి రెండుసార్లు పడింది. పైన ఇఫ్ ఉంది గానీ దానికి ఫ్లవర్ బ్రాకెట్లు లేవు. కాబట్టి మొదటి లైనే ఇఫ్‌కు చెందుతుంది, రెండోది షరతుతో పనిలేకుండా ప్రతిసారీ నడుస్తుంది, అసలు తనిఖీ దాకా ప్రోగ్రాము వెళ్లదు. కానీ ఆ రెండో లైను కూడా మొదటిదాంతో సమానంగా లోపలికి జరిగి ఉంది కాబట్టి చూసేవాళ్లకు ఇఫ్ లోపలిదే అనిపిస్తుంది. నేను చెప్పిన జి, ఈక్వల్‌టు లాంటి కమాండ్ ఆ ఫైలు మీద నడిపి ఉంటే రెండో లైను ఒక మెట్టు బయటికి వచ్చి నిలబడేది. 2016లో వచ్చిన జీసీసీ 6 అనే సి కంపైలర్ నుంచి ఇలాంటి మోసపు ఇండెంటేషన్‌కు హెచ్చరిక ఉంది. కంపైల్ చేసేటప్పుడు ‘వాల్’ ఫ్లాగ్, అంటే డ్యాష్, పెద్ద డబ్ల్యూ, ఆల్ అని చేర్చుకుంటే అది వస్తుంది. అలవాటు చేసుకో.

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో పైథాన్ చెప్తాను. పిల్లలు వీఎస్ కోడ్ ఎడిటర్ వాడతారు. ఒకరి నుంచి ఒకరు తీసుకున్న ప్రోగ్రాములు స్క్రీన్ మీద వరుసగానే కనిపిస్తాయి, నడిపితే మాత్రం ట్యాబ్‌ఎర్రర్ అంటుంది. ‘4 స్పేసులు పెట్టుకోండి’ అని అందరి సెట్టింగులూ మార్పించాను, అయినా కొందరికి 2 స్పేసులే పడుతున్నాయి. ల్యాబ్ పీరియడ్ సగం దీనికే పోతోంది.
– లెక్చరర్, కరీంనగర్

జవాబు: మేడం, మీ పిల్లల తప్పు కాదు, కళ్లకు కనిపించని తేడా అది. ఒక లైనులో ట్యాబ్ ఒకటి, కింది లైనులో 4 స్పేసులు ఉంటే స్క్రీన్ మీద రెండూ ఒకే నిలువులో ఉంటాయి. పైథాన్ 2 ట్యాబ్‌ను 8 స్పేసుల లెక్కన తీసుకుని సర్దుకుపోయేది, పైథాన్ 3 అలా ఊహించనని చెప్పేసి ఆగిపోతుంది. ఆగిపోవడమే మంచిది.

ముందు కనిపించేలా చేయండి. సెట్టింగ్స్‌లో ‘రెండర్ వైట్‌స్పేస్’ అని వెతికి ‘ఆల్’ పెట్టించండి. స్పేసులు చిన్న చుక్కల్లా, ట్యాబ్‌లు బాణాల్లా కనిపిస్తాయి. ప్రొజెక్టర్ ఉంటే ఒకసారి తరగతి మొత్తానికీ చూపించండి, ఒక లైనుకు బాణం, దాని కింద నాలుగు చుక్కలు. ఆ ఒక్క దృశ్యం చూస్తే పిల్లలకు మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, పి కలిపి నొక్కి ‘కన్వర్ట్ ఇండెంటేషన్ టు స్పేసెస్’ అనే కమాండ్ ఇస్తే బాణాలన్నీ చుక్కలైపోతాయి. అది ఇచ్చే ముందు కింద కుడివైపు పట్టీలో ట్యాబ్ సైజు ఎంతుందో చూడమనండి, ఎందుకంటే ఒక్కో బాణాన్ని ఎన్ని చుక్కలు చేయాలో ఆ అంకె చూసే నిర్ణయిస్తుంది. పైథాన్‌కు 4. 2001లో రాసిన పెప్ 8 అనే శైలీ పత్రం నుంచీ అందరూ పాటించేది అదే.

4 పెట్టినా 2 పడుతున్నది ‘డిటెక్ట్ ఇండెంటేషన్’ వల్ల. ఇది మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. ఫైలు తెరవగానే అందులో ఇప్పటికే ఎలా రాశారో చూసి, మీరు పెట్టిన అంకెను పక్కనపెట్టి ఆ ఫైలు పద్ధతినే పట్టుకుంటుంది. వేరేవాళ్ల ప్రాజెక్టులో పనిచేసేటప్పుడు ఇది చాలా మంచి గుణం, ఆఫ్ చేయవద్దనే అంటాను. మీ ల్యాబ్‌లాంటి చోట మాత్రం, పిల్లలు నేర్చుకునే దశలో, ఆఫ్ చేయించడమే నయం.

ఒక్కటి మాత్రం పిల్లలకు మరీ మరీ చెప్పండి. సి ఫైలును మొత్తంగా మళ్లీ ఇండెంట్ చేసినట్టు పైథాన్ ఫైలును చేయకూడదు. సి‌లో అర్థం బ్రాకెట్లలో ఉంటుంది, ఇండెంటేషన్ దాన్ని చూపిస్తుందంతే. పైథాన్‌లో ఇండెంటేషనే అర్థం. ఫర్ లూప్ పెట్టి ఐదు సబ్జెక్టుల మార్కులు కూడుతున్నారు, చివర మొత్తం ప్రింట్ చేసే లైను ఉంది. అది లూప్ లోపలుంటే ఐదుసార్లు ప్రింట్ అవుతుంది, ఎడమ అంచుకు వస్తే ఒక్కసారే అవుతుంది. రెండూ సరైన ప్రోగ్రాములే! ఏది మీ ఉద్దేశమో ఎడిటర్‌కు ఎట్లా తెలుస్తుంది? అందుకే పైథాన్‌లో ఎంటర్ కొట్టినప్పుడు వచ్చే సాయం తీసుకోవాలి, రాసేసిన లైన్లను మాత్రం మనమే ఎంచుకుని ట్యాబ్‌తో లోపలికి, షిఫ్ట్ ట్యాబ్‌తో బయటికి జరపాలి. ప్రోగ్రాములు ఒకరికొకరు పంపుకునేటప్పుడు మెసేజ్‌లో అతికించకుండా ఫైలుగా పంపుకోమనండి, సగం తలనొప్పి అక్కడే పోతుంది.

ప్రశ్న: మాది హనుమకొండలో చిన్న ఆఫీసు, నలుగురం కలిసి ఒకే ప్రాజెక్టు మీద పనిచేస్తాం. ఒకరిది వీఎస్ కోడ్, ఒకరిది పైచార్మ్, ఇద్దరిది నియోవిమ్. ఒక్క లైను మార్చి, మార్పుల లెక్క రాసిపెట్టే గిట్‌లో పెడితే ఫైలు మొత్తం మారినట్టు చూపిస్తోంది. ఎవరు ఏం మార్చారో తెలియక రోజూ మాటా మాటా పెరుగుతోంది.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ నలుగురిలో ఎవరి సెట్టింగూ తప్పు కాదు, నాలుగు సెట్టింగులుండటమే తప్పు. ఒకరు సేవ్ చేయగానే ట్యాబ్‌లు స్పేసులవుతున్నాయి, ఇంకొకరి దగ్గర స్పేసులు ట్యాబ్‌లవుతున్నాయి, గిట్ దృష్టిలో ప్రతి లైనూ మారినట్టే. ఇండెంటేషన్ నియమం మనుషుల కంప్యూటర్లలో ఉండకూడదు, ప్రాజెక్టుతోపాటే ఉండాలి. ఇది నేను చాలా గట్టిగా నమ్మే మాట.

దానికి ఎడిటర్‌కాన్ఫిగ్ ఉంది. ప్రాజెక్టు పైఫోల్డర్‌లో ఆ పేరుతోనే, ముందు చుక్క పెట్టి, మామూలు టెక్స్ట్ ఫైలు ఒకటి పెట్టుకోవాలి. మొదటి లైను ‘రూట్ ఈక్వల్‌టు ట్రూ’, అంటే ఇంతకంటే పైఫోల్డర్లలో వెతకొద్దని. తర్వాత చదరపు బ్రాకెట్లలో నక్షత్రం గుర్తు, అంటే అన్ని ఫైళ్లకూ. దాని కింద ఇండెంట్ స్టైల్, ఇండెంట్ సైజ్ రెండు లైన్లు, రెండు మాటల మధ్య అండర్‌స్కోర్ ఉంటుంది. ఆ కింద భాషలవారీగా మినహాయింపులు రాసుకోవచ్చు. పైచార్మ్ దీన్ని తనంతట తానే చదువుతుంది, నియోవిమ్ 0.9 నుంచి చదువుతుంది, వీఎస్ కోడ్‌కు మాత్రం ఎడిటర్‌కాన్ఫిగ్ ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలి. ఆ వీఎస్ కోడ్ ఆయనే మర్చిపోతారు, మీరే దగ్గరుండి వేయించండి.

ప్రోగ్రామును ఎలా తయారుచేయాలో మేక్ అనే సాధనానికి చెప్పే మేక్‌ఫైల్ ఉంటే దానికి తప్పనిసరిగా ట్యాబ్ అని వేరే రాయండి. అందులో కమాండ్ లైను ట్యాబ్‌తోనే మొదలవ్వాలి, స్పేసులు పెడితే ‘మిస్సింగ్ సెపరేటర్’ అని ఆగిపోతుంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ రాసినప్పటి నియమం అది, ఇప్పటికీ నడుస్తోంది. సెట్టింగులు రాసుకునే యామల్ ఫైళ్లకు సరిగ్గా తలకిందులు, అక్కడ ఇండెంటేషన్‌కు ట్యాబ్ వాడనే కూడదు. గో భాషలో రాస్తుంటే కోడ్‌ను సర్దిపెట్టే గోఫ్‌ఎంటీ ట్యాబ్‌లే పెడుతుంది, దాంతో వాదన పెట్టుకోకండి.

ఇప్పటికే కలిసిపోయిన పాత ఫైళ్ల సంగతికి వస్తే, అందరూ చేతిలో పని పూర్తిచేసి గిట్‌లో పెట్టేశాక, ఒక రోజు కూర్చుని మొత్తం ప్రాజెక్టును ఒకే కమిట్‌లో, అంటే గిట్‌లో ఒకేసారి నమోదయ్యే మార్పుగా, సరిచేయండి. ఆ కమిట్‌లో ఇండెంటేషన్ తప్ప ఇంకో అక్షరం కూడా మార్చకూడదు, ‘పనిలో పనిగా’ అని ఒక బగ్ సరిచేశారా, రేపు దాన్ని వెతకడం ఎవరి వల్లా కాదు. సరిచేశాక, మార్పులు చూపించే గిట్ డిఫ్‌కు డ్యాష్, చిన్న డబ్ల్యూ చేర్చి చూడండి. అది ఖాళీల తేడాలను లెక్కలోకి తీసుకోదు కాబట్టి మామూలు లైన్లలో ఏమీ చూపించకూడదు, చూపించిందంటే ఎవరో ఏదో మార్చారన్నమాట. పైథాన్ ఫైళ్లున్నచోట మాత్రం ఈ పరీక్ష ఒక్కటే చాలదు, కారణం పైన కరీంనగర్ మేడంకు చెప్పిందే, ప్రోగ్రామును నడిపి కూడా చూసుకోండి.

దీంతో ఇంకో బాధ వస్తుంది. ఏ లైను ఎవరు రాశారో గిట్ బ్లేమ్‌లో చూస్తే అన్నిటికీ ఆ రోజు సరిచేసినవాళ్ల పేరే కనిపిస్తుంది. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి దీనికీ దారుంది. ఆ కమిట్ నంబరును ఒక ఫైలులో రాసిపెట్టి, ‘ఇగ్నోర్ రెవ్స్ ఫైల్’ అనే ఆప్షన్‌తో దాన్ని చూపిస్తే బ్లేమ్ ఆ కమిట్‌ను దాటేసి అసలు రాసినవాళ్ల దగ్గరికి వెళుతుంది. మీ ఆఫీసులో మాటా మాటా పెరుగుతోందన్నారు కాబట్టి ఇది మొదటిరోజే చేసుకోండి.

ప్రశ్న: నాకు చూపు తక్కువ, అక్షరాలు బాగా పెద్దవి చేసుకుని పనిచేస్తాను. మూడు నాలుగు మెట్లు లోపలికి పోయేసరికి కోడ్ స్క్రీన్ కుడివైపు దాటిపోతుంది. ట్యాబ్ సైజు 2 పెట్టినా మార్పు కనిపించట్లేదు. టీమ్‌ను ఇబ్బంది పెట్టకుండా నా దగ్గర మాత్రమే తగ్గించుకునే మార్గముందా?
– ఒక ప్రోగ్రామర్, జగిత్యాల

జవాబు: మీ ప్రాజెక్టులో స్పేసులు వాడుతున్నట్టున్నారు, అందుకే మార్పు కనిపించట్లేదు. ట్యాబ్ సైజు అనేది ట్యాబ్ గుర్తును ఎంత వెడల్పుగా చూపించాలో, మీరు ట్యాబ్ కీ కొడితే ఎన్ని స్పేసులు పడాలో చెబుతుంది, ఫైలులో ఉన్న స్పేసులను అది కుదించలేదు. అదే ఫైలు ట్యాబ్‌లతో ఉండి ఉంటే మీకు 2గా, పక్కవాళ్లకు 4గా, ఇంకొకరికి 8గా కనిపించేది, ఫైలులో ఒక్క అక్షరం మారేది కాదు. ట్యాబా, స్పేసా అని ఏళ్లుగా వాదించుకుంటారు గానీ, నన్నడిగితే ట్యాబ్‌ల పక్షాన ఉన్న అన్నిటికంటే బలమైన కారణం మీలాంటివాళ్ల అవసరమే. బ్రెయిలీ డిస్‌ప్లే వాడేవాళ్లకు కూడా అంతే, నాలుగు స్పేసులు నాలుగు గడులు తినేస్తాయి, ట్యాబ్ ఒక్కటే గడి. కొత్త ప్రాజెక్టు మొదలయ్యేటప్పుడు ఈ మాట టీమ్‌లో మొహమాటం లేకుండా చెప్పండి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

ఇప్పుడున్న ప్రాజెక్టుకు ఇలా చేయండి. వీఎస్ కోడ్ అయితే ‘వర్డ్ ర్యాప్’ ఆన్ చేసి, ‘ర్యాపింగ్ ఇండెంట్’ అనేదాన్ని ‘నన్’ పెట్టండి. మామూలుగా అది ‘సేమ్’ అని ఉంటుంది, అంటే విరిగి కిందికొచ్చిన ముక్క కూడా అంతే లోపలినుంచి మొదలవుతుంది. నన్ పెడితే ఎడమ అంచు నుంచి వస్తుంది, స్క్రీన్ మొత్తం మీ చేతికొస్తుంది. ఇది చూపించే తీరే, ఫైలు మారదు. ఎప్పుడైనా కళ్లకు విశ్రాంతి ఇచ్చి స్క్రీన్ రీడర్‌తో పనిచేయాలనిపిస్తే ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏలో డాక్యుమెంట్ ఫార్మాటింగ్ కింద లైన్ ఇండెంటేషన్ చెప్పించుకునే ఆప్షన్ ఉంది. మాటల్లో చెప్పించుకోవచ్చు, లేదా స్వరాల్లో వినొచ్చు, లోపలికి పోయేకొద్దీ స్వరం మారుతుంది.

ప్రశ్న: ఈమాక్స్ ఎడిటర్ కొత్తగా మొదలుపెట్టాను. సి ఫైలులో ట్యాబ్ కొడితే ఏమీ పడట్లేదు. పైగా ఇఫ్ కింద కొత్త లైనులో ఫ్లవర్ బ్రాకెట్ పెడితే అది 2 స్పేసులు లోపలికి పోతోంది.
– ఎమ్‌సీఏ విద్యార్థి, వరంగల్

జవాబు: ఈమాక్స్‌లో ట్యాబ్ కీ అంటే ‘ఈ లైనును దాని చోటికి చేర్చు’ అని అర్థం. ఇప్పటికే చోటులో ఉంటే కదలదు. బ్రాకెట్ లోపలికి పోవడం గ్నూ శైలి, సి ఫైళ్లకు అదే మొదటినుంచీ పెట్టి ఉంటుంది. ఆ లైను మీద కర్సర్ పెట్టి కంట్రోల్ సి, కంట్రోల్ ఎస్ కొడితే ఈమాక్స్ ఆ లైనును ఏ పేరుతో పిలుస్తోందో కింద చూపిస్తుంది, బ్రాకెట్‌కు ‘సబ్‌స్టేట్‌మెంట్ ఓపెన్’ అని వస్తుంది. కంట్రోల్ సి, కంట్రోల్ ఓ కొట్టి ఆ పేరుకు సున్నా ఇవ్వండి, అక్కడికక్కడే మారుతుంది. బాగుందనిపిస్తే సి-సెట్-ఆఫ్‌సెట్‌తో మీ సెట్టింగుల ఫైలులో రాసుకోండి. ఇలా ఏ లైను పేరేమిటని ఎడిటర్‌నే అడగగలగడం నాకు చాలా ఇష్టమైన సంగతి.

ప్రశ్న: సర్వర్‌లోకి లాగిన్ అయి విమ్‌లో యామల్ ఫైలు అతికిస్తే లైన్లన్నీ మెట్లు మెట్లుగా కుడివైపు పోతున్నాయి. కొన్నిటి ముందు హ్యాష్ గుర్తు కూడా వచ్చి చేరుతోంది. మా ఊళ్లో ఈ పని తెలిసినవాళ్లు లేరు, సాయం చేయండి.
– పెద్దపల్లి నుంచి, ఇంటినుంచి పనిచేసే ఉద్యోగి

జవాబు: నాకూ జరిగింది. అప్పట్లో పనిచేస్తున్న కంపెనీ సర్వర్‌లో రాత్రి పదకొండింటికి, హనుమకొండలో ఇంట్లో కూర్చుని, ఒక యామల్ ఫైలు అతికించి చూసుకోకుండా సేవ్ చేశాను. సర్వీసు మళ్లీ లేవలేదు. ముప్పావుగంట టెన్షన్ పడ్డాక ఫైలు తెరిచి చూస్తే ఏడో లైను నుంచి కింద ఉన్నవన్నీ కామెంట్లయిపోయి ఉన్నాయి.

కారణమేమిటంటే, టెర్మినల్‌లో అతికించినప్పుడు ఆ అక్షరాలు మీరు వేగంగా టైప్ చేస్తున్నట్టే విమ్‌కు చేరతాయి. లైను చివర ఎంటర్ వస్తుంది, విమ్ పై లైనంత లోపలికి జరిగి కూర్చుంటుంది, దాని మీద మీరు తెచ్చిన లైనులోని స్పేసులు కూడా పడతాయి. తర్వాతి లైనుకు అది ఇంకా పెరుగుతుంది. హ్యాష్‌తో మొదలయ్యే కామెంట్ లైను వస్తే, కింద కూడా కామెంటే రాస్తారనుకుని విమ్ తనే ఇంకో హ్యాష్ పెడుతుంది.

విమ్ 8 నుంచి చాలా టెర్మినళ్లలో అతికించేదాన్ని విమ్ గుర్తుపడుతుంది, ఈ గొడవ ఉండదు. పాత సర్వర్లలో మాత్రం అతికించే ముందు ‘సెట్ పేస్ట్’ అని కొట్టండి, అప్పుడు ఇన్సర్ట్‌లోకి వెళ్లి అతికించండి. అయిపోగానే ‘సెట్ నోపేస్ట్’ కొట్టాలి, నో, పేస్ట్ రెండూ కలిపి. అది మర్చిపోతే ఆటో ఇండెంట్ ఆగిపోయే ఉంటుంది, ట్యాబ్ కొడితే స్పేసుల బదులు నిజం ట్యాబ్ పడుతుంది, యామల్‌లో అదీ తప్పే. సేవ్ చేసే ముందు ‘సెట్ లిస్ట్’ అని ఒకసారి కొట్టి చూసుకోండి, ట్యాబ్‌లుంటే టోపీ గుర్తు, ఐ అక్షరంతో బయటపడతాయి.